అమ్మను మాట్లాడనివ్వండి

మారేడ్‌పల్లి నుంచి పోయిన నెల మా ఓపీకి ఓ పెద్దావిడ వచ్చారు. ‘ఏమ్మా, ఎక్కడ నొప్పి?’ అంటే పక్కనున్న కొడుకు అందుకున్నారు. ‘మోకాళ్ల నొప్పులు సార్, ఎప్పట్నుంచో ఉన్నవే.’ ఆయన్ను కాస్త ఆగమని ఆవిడనే అడిగాను. ‘నొప్పి కాదు బాబూ, అరికాళ్ల మంటలు. రాత్రిళ్లు దుప్పటి తగిలినా ఓర్చుకోలేను’ అన్నారు. పదిహేనేళ్లుగా షుగర్ ఉంది. అది కీళ్ల బాధ కాదు, నరాలది. మెడికల్ షాపులో కొని మింగుతున్న నొప్పి మాత్రలు ఆ మంటకు పెద్దగా పనిచేయవు. కిడ్నీలకు మాత్రం చేటు. అప్పటికే క్రియాటినిన్ పెరిగింది.

సలుపు, పోటు, తీపు, గుంజుడు, తిమ్మిరి... బాధకు మన దగ్గర ఎన్ని మాటలో! ప్రతిదీ డాక్టరుకు ఒక ఆనవాలే. ‘సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు’ అంటే నరాల వైపు చూస్తాం. ‘పొద్దున లేచాక గంటదాకా వేళ్లు ముడుచుకోవు’ అంటే కీళ్లవాతం అనుమానిస్తాం. అన్నిటినీ ‘పెయిన్’ అని చెప్పేస్తే మాకేం తెలుస్తుంది? తప్పు మీదొక్కరిదే అనను. తల ఎత్తకుండా చీటీ రాసే డాక్టరుకు ఎవరు మాత్రం ఏం చెబుతారు?

1975లో కెనడాలో రొనాల్డ్ మెల్జాక్ బాధను చెప్పే మాటలతోనే మెక్‌గిల్ ప్రశ్నావళి తయారుచేశారు. ఆలోచన గొప్పదే, మాటలు మాత్రం ఇంగ్లిషువి. మోకాళ్ల అరుగుదలకు ఎన్నో దేశాల్లో వాడే వోమాక్ ప్రశ్నావళి అసలు రూపంలో స్నానాల తొట్టిలో దిగడం, సాక్సు వేసుకోవడం కష్టంగా ఉందా అని ఉంటుంది. మన ఇళ్లలో బాధ అదా? పూజకు కింద కూర్చోలేరు. గుడి మెట్లెక్కలేరు. ఊరెళ్తే ఇండియన్ టాయిలెట్ ఉంటుందేమోనని పెళ్లిళ్లకే వెళ్లడం మానేస్తారు. మన అలవాట్లకు సర్దిన రూపాలు రాకపోలేదు. అయితే ఇక్కడ నొప్పి మీద పరిశోధన చేసేవారు ప్రశ్నలు రాయకముందే ఇలాంటి నలుగురిని కూర్చోబెట్టుకుని వినాలి. రాసేశాక తెలుగు చేస్తే చాలదు.

మనిషి తనకు నొప్పిగా ఉందంటే ఆ మాటను గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో స్పష్టంగా చెప్పింది. ‘రిపోర్టులన్నీ నార్మలే కదా’, ‘ఈ వయసులో మామూలే’ అనకండి. మూడు నెలలు దాటినా తగ్గని బాధకు వైద్యం ఉంది. వచ్చేముందు ఆవిడ మాటల్లోనే రాసుకురండి: ఎలా ఉంటుంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, దానివల్ల ఏ పని మానేశారు. షాపులో కొని వాడిన మాత్రల రేకులూ తీసుకురండి.

ఆ పెద్దావిడకు పాత మాత్రలు ఆపించి, కిడ్నీలను చూసుకుంటూ తక్కువ డోసులో నరాల మందు మొదలుపెట్టాం. మొన్న మళ్లీ వచ్చారు. దుప్పటి కప్పుకోగలుగుతున్నారట. కొడుకు ఈసారి బయట బెంచీ మీదే కూర్చున్నారు.