రొయ్యకు రాయబారం

ఆదివారమైనా సోమవారమైనా రోజూ గుడ్డు తినమన్న ప్రకటన ఎరుగనివారు అరుదు. అందులో విశేషమేమంటే, ఫలానా కంపెనీ గుడ్డు తినమని అనలేదు. ఉత్త గుడ్డు తినమన్నారు, అంతే. 1982లో కోళ్ల రైతులు కూడి పెట్టుకున్న జాతీయ గుడ్ల సమన్వయ సంఘం పంపిన ఉమ్మడి రాయబారమది.

రొయ్యకూ ఒక రాయబారి వున్నాడు. కేంద్ర ప్రభుత్వం 1972లో నెలకొల్పిన సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ. బోస్టన్, బార్సిలోనా ప్రదర్శనలలో మన దేశం పేర దుకాణం తెరిచి, భీమవరం రొయ్యకూ కేరళ చేపకూ కలిపి గిరాకీ వెతుకుతుంది. మా సిద్దిపేటకు సముద్రం దూరమే కావచ్చు. ప్రజల సొమ్ము గనుక ఫలితమేమని అడిగే హక్కు మాకూ వున్నది.

జవాబు సులభమనిపిస్తుంది. 2023-24లో ఎగుమతులు 60,523 కోట్ల రూపాయలు. మరుసటి ఏడు 62,408 కోట్లు. నూటికి మూడు పెరిగింది! కాని డాలర్లలో చూడండి: 738 కోట్ల నుంచి 745 కోట్లు. నూటికి ఒకటే. తక్కినది రూపాయి చిక్కిపోవడం వల్ల వచ్చిన లావు. సరుకు తూకమా, 17.81 లక్షల టన్నుల నుంచి 16.98 లక్షలకు తగ్గింది. కోడి కూసింది గనుకనే తెల్లవారిందంటే ఎట్లా?

అసలు ప్రశ్న వేరు: ప్రచారమే లేకపోతే ఎంత అమ్ముడయ్యేది? ధరలు, మారకపు రేటు, సుంకాలు, ఈక్వడార్ పోటీ, వీటి వాటాలన్నీ తీసివేయగా మిగిలినదే ప్రచారం సంపాదన. అందులోంచి ఖర్చు తీసేస్తే లాభం.

ఆ లాభమైనా ఎవరి మూటలో పడింది? గిరాకీ పెరిగి ధర ఎక్కితే, నలుగురూ కొత్త చెరువులు తవ్వుతారు. ధర మళ్లీ దిగుతుంది. టన్నులు పెరుగుతాయి, రైతు మిగులు మాత్రం అక్కడే వుంటుంది.

అట్లాగని తొందరపడి దండగ అనకూడదు. పచ్చి చేప తినే జపానువారు సాల్మన్‌ను మాత్రం వండుకునే తినేవారు. దానినీ పచ్చిగా తినవచ్చునని 1980లలో నార్వేవారు నచ్చజెప్పబూనారు. అలవాటు కావడానికి ఏళ్లు పట్టింది. మొదటి ఏడాదే చిట్టా మూసివుంటే నష్టమే కనిపించేది.

2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు, ఒకే అంగడిని నమ్ముకున్నందుకు భీమవరం చెరువుగట్లమీద దిగులు కమ్మింది. ఇంకో అంగడి దారి ముందే తెరిచివుంచడం కూడా రాయబారి పనే. కనుక లెక్క అడగవలసిందే. అయితే ఎగుమతి పద్దుతో ఆపక, రైతు చేతికందిన ధరదాకా అడగాలి.