ఫోన్‌లో ఒకలా, కంప్యూటర్‌లో ఇంకోలా.. ప్రభుత్వ వెబ్‌సైట్లతో ఎందుకీ తిప్పలు?

మీరు ఉండేది హైదరాబాద్‌లోనో, విశాఖలోనో. నాన్నగారి జీడితోట మాత్రం పలాస దగ్గర ఉంది. ఆ భూమి అడంగల్, 1బీ చూడాలంటే ఒకప్పుడు రైలెక్కి ఊరెళ్లాల్సిందే. ఇప్పుడు జేబులోంచి ఫోన్ తీస్తే చాలు.

అయితే ఆన్‌లైన్ సేవల్లో ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. మీరు ఫోన్‌లో చూసిన లింక్‌ను ఊళ్లో ఉన్న తమ్ముడికి వాట్సాప్‌లో పంపిస్తారు. అతను కంప్యూటర్‌లో తెరిస్తే వేరే పేజీ వస్తుంది. లేదంటే కంప్యూటర్‌లో నిండుగా కనిపించిన పట్టిక ఫోన్‌లో సగమే ఉంటుంది. ఎందుకిలా?

మీది ఫోనని సర్వర్‌కు ఎలా తెలుస్తుంది?

మీరు లింక్ నొక్కగానే బ్రౌజర్ తన పేరు, అది ఏ రకం పరికరంలో నడుస్తోందన్న వివరం సర్వర్‌కు పంపుతుంది. దీన్ని ‘యూజర్ ఏజెంట్’ అంటారు. ఫోన్ వాడేవారికి పేజీ ఇవ్వడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి.

మొదటిది, ‘ఎం డాట్’తో మొదలయ్యే వేరే సైటు పెట్టడం. లింకులు తారుమారయ్యేది ఎక్కువగా ఇక్కడే. రెండోది, అడ్రస్ ఒకటే ఉంచి, అడిగిన పరికరాన్ని బట్టి సర్వర్ వేర్వేరు పేజీలు పంపడం. ఇందులో ‘వేరీ’ అనే సూచన జత చేయడం మరిచిపోతే, మధ్యలో దాచి ఉంచిన ఫోన్ పేజీ కంప్యూటర్‌కు చేరే ప్రమాదం ఉంది. మూడోది, ఒకే పేజీ తెర వెడల్పును బట్టి సర్దుకోవడం. 2010లో అమెరికా డిజైనర్ ఈథన్ మార్కాట్ దీనికి ‘రెస్పాన్సివ్ డిజైన్’ అని పేరు పెట్టారు.

‘రెస్ట్’ అంటే ఏంటి?

2000లో రాయ్ ఫీల్డింగ్ తన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథంలో వివరించిన పద్ధతి ఇది. సమాచారం ఒకటే, దాని అడ్రస్ ఒకటే, రూపాలు మాత్రం ఎన్నయినా ఉండొచ్చు. హోటల్లో కూర్చుని తింటే సాంబారు గిన్నెలో వస్తుంది, ఇంటికి తీసుకెళ్తే పార్సిల్ కవర్లో వస్తుంది. వండేది మాత్రం ఒకే చోట. అలాగే బ్రౌజర్ అడిగితే వెబ్‌పేజీ, యాప్ అడిగితే ‘జేసన్’ రూపంలో వివరాలు ఇస్తారు.

జిల్లా మారితే ఏమవుతుంది?

ఈ పద్ధతి విలువ మన జిల్లాల్లోనే తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న పునర్విభజన జరిగింది. శ్రీకాకుళం జిల్లాలోని రాజాం విజయనగరంలోకి, పాలకొండ కొత్తగా ఏర్పడిన పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. సమాచారం ఒకే చోట ఉంటే ఒకసారి మారిస్తే సరిపోతుంది. ఫోన్‌కు వేరే ప్రతి ఉంటే రెండుసార్లు మార్చాలి. రెండోది మరిచిపోతే ఫోన్ చూసినవాళ్లు పాత జిల్లా కలెక్టరేట్‌కు వెళ్లి తిరిగి రావాల్సిందే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధికారిక సైట్లు ఎన్ఐసీ తయారుచేసిన ‘ఎస్3వాస్’ వేదికపై నడుస్తున్నాయి. వీటికి ఫోన్‌లోనూ, కంప్యూటర్‌లోనూ అడ్రస్ ఒకటే. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో ‘మన మిత్ర’ ప్రారంభించింది. 95523 00009 నంబరుకు వాట్సాప్ చేస్తే సేవలు అందుతాయి. ఇక్కడ సేవ కనిపించే రూపం వెబ్‌పేజీ కాదు, చాట్.

తెరకు సరిపోతే చాలా?

చాలదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు, సమాచార వ్యవస్థ దెబ్బతిన్నాయి. అలాంటి రోజు చేతిలో ఉండేది కాస్త ఛార్జింగ్ ఉన్న ఫోను, వచ్చిపోయే సిగ్నలు. అప్పుడు పునరావాస కేంద్రాల జాబితా కావాలి, బ్యానర్ ఫొటోలు కాదు. కంప్యూటర్‌కు పంపే బరువంతా ఫోన్‌కూ పంపి, తెరపై కొంత దాచేసే పేజీలు చూడ్డానికి చక్కగానే ఉంటాయి. తెరుచుకోవు, అంతే. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లదీ అదే కథ.

అందుకే ఫోన్ పేజీలో తగ్గించాల్సింది బరువును, సమాచారాన్ని కాదు.

మీరేం చేయొచ్చు?

ఒకే లింక్‌ను ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెరిచి పోల్చండి. ఫోన్‌లో ఏదైనా కనిపించకపోతే క్రోమ్ మెనూలో ‘డెస్క్‌టాప్ సైట్’ నొక్కి చూడండి. అప్పుడు కనిపిస్తే లోపం మీ ఫోన్‌ది కాకపోవచ్చు. రెండు తెరల స్క్రీన్‌షాట్లు తీసి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఊళ్లో ఉన్నవారి ద్వారా ఫిర్యాదు ఇవ్వండి. రోడ్డు మీద గుంత ఉందని చెప్పినట్టే ఇదీ చెప్పాల్సిన సమస్యే.