కట్టు విప్పాకే అసలు పని

బండి మీంచి పడినా, తడి నేల మీద కాలు జారినా ముందుగా నేలకు ఆనేది అరచెయ్యే. మణికట్టు వాస్తుంది. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తెలియగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కానీ వారాలు గడిచినా చెయ్యి ఆనించి లేవబోతే కలుక్కుమంటుంటే దాన్ని ఉత్త బెణుకని వదిలేయకూడదు. లోపల లిగమెంటు తెగి ఉండొచ్చు.

మణికట్టులో చిన్న చిన్న ఎముకలు 8 ఉంటాయి. వాటిని విడిపోకుండా పట్టి ఉంచే పట్టీల్లాంటివే లిగమెంట్లు. వీటిలో తరచూ దెబ్బతినేది స్కాఫాయిడ్, ల్యూనేట్ అనే రెండు ఎముకల మధ్య ఉండేది. పూర్తిగా తెగిన దాన్ని అలాగే వదిలేస్తే ఏళ్లు గడిచేకొద్దీ ఎముకల అమరిక చెడి, కీలు అరిగిపోతుంది. అందుకే సర్జన్లు లిగమెంటును కుట్టి, అది అతికేదాకా ఎముకలు కదలకుండా సన్నటి లోహపు తీగలు గుచ్చి ఉంచుతారు. ఇవి సాధారణంగా 8 వారాల దాకా ఉంటాయి. పైన కట్టు ఎలాగూ తప్పదు.

వేళ్లకు సెలవు లేదు

కట్టు మణికట్టుకే. వేళ్లను కూడా కదపకుండా ఉంచేస్తే అవి బిగుసుకుపోతాయి. అందుకే డాక్టరు వద్దంటే తప్ప, మొదటి రోజు నుంచే వేళ్లను పూర్తిగా ముడుస్తూ, చాస్తూ ఉండాలి. మోచేతినీ, భుజాన్నీ కూడా కదిలించాలి. వాపు తగ్గాలంటే చేతిని దిండు మీద, గుండె కన్నా ఎత్తులో పెట్టుకోవాలి. ఉంగరాలు, గాజులు ముందే తీసేయాలి. తీగల దగ్గర ఎర్రబడి చీము కారుతున్నా, జ్వరం వచ్చినా, వేళ్లు నీలంగా మారినా, చెయ్యంతా భరించలేనంత మంటగా ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరును కలవాలి.

తొందర వద్దు

తీగలు తీసి, కట్టు విప్పాక మణికట్టు కర్రలా బిగుసుకుని ఉంటుంది. అది సహజమే. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నూనె రాసి గట్టిగా లాగించడం, వంచించడం చేస్తే అప్పుడే అతికిన లిగమెంటు మళ్లీ సాగిపోవచ్చు. ఫిజియోథెరపిస్టులు తేలికపాటి కదలికలతోనే మొదలుపెడతారు. సుత్తితో మేకు కొట్టేటప్పుడు మణికట్టు వెనక్కి, బొటనవేలి వైపు లేచి, తర్వాత ముందుకు, చిటికెనవేలి వైపు వాలుతుంది కదా! ఆ ఏటవాలు కదలికలో కుట్టిన చోట ఉన్న రెండు ఎముకలూ ఒకదానికొకటి పెద్దగా జరగవు. అందుకే చేతిలో ఏ బరువూ లేకుండా ఇదే కదలికను ముందుగా చేయిస్తుంటారు. వ్యాయామం వల్ల పుట్టిన నొప్పి మర్నాటికీ తగ్గలేదంటే మోతాదు మించిందనే అర్థం.

బిందె ఎప్పుడు ఎత్తొచ్చు?

పట్టు పెంచే వ్యాయామాలు దాదాపు 3 నెలల తర్వాతే. బరువులెత్తడం, ఆటలు, దండీలు వంటివాటికి 6 నెలలైనా ఆగాల్సి రావచ్చు. ఎవరికి ఎప్పుడన్నది ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి. ఇబ్బందల్లా కట్టు విప్పిన రోజే వంటింట్లోకి వెళ్లిపోయే ఇల్లాళ్లతోనే. నీళ్ల బిందె, నిండు కుక్కరు ఎత్తడం, తడి బట్టలు పిండడం, నేలకు అరచెయ్యి ఆనించి లేవడం... ఇవన్నీ లిగమెంటుకు పరీక్షలే. కట్టు కనిపించడం లేదు కాబట్టి చెయ్యి బాగైపోయిందని ఇంట్లోవాళ్లూ అనుకుంటారు. ఆ కొన్ని నెలలు ఆ పనులు ఎవరెవరు పంచుకోవాలో ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవడం మంచిది.

అంతా సవ్యంగా సాగినా మణికట్టు మునుపటిలా పూర్తిగా వంగకపోవచ్చు. రెండు చేతులూ జోడించి నమస్కారం పెడితే ఆ కొద్దిపాటి తేడా తెలుస్తుంది. దానికి దిగులు పడి బలవంతంగా వంచకండి. బాగా వంగుతూ నొప్పెట్టే మణికట్టు కన్నా, కాస్త తక్కువ వంగినా నిలకడగా బరువు మోసే మణికట్టే మేలు.