ఫ్యూజు కాపాడేది లైటును కాదు, తీగను

"ఎల్‌ఈడీ తాగే కరెంటెంత, దానికి మళ్లీ ఫ్యూజెందుకు?" పాత బండి డిక్కీలో లైటు పెట్టించుకోవాలనుకున్న ప్రతివారికీ ఈ సలహా ఉచితంగా దొరుకుతుంది. బండి యజమానీ అంటాడు, డ్రైవరూ అంటాడు, చాలాసార్లు వైరింగు చేసే మేస్త్రీ కూడా అంటాడు. హోసూరు, కృష్ణగిరి వైపు ఈ మాటను తేలిగ్గా వదిలేయడానికి లేదు. ఇక్కడ డిక్కీ లైటు సోకు కాదు, అవసరం. బాగలూరు, తళి చుట్టుపక్కల పూలతోటల నుంచి, రాయకోట వైపు టమాటా తోటల నుంచి సరుకు బండికెక్కేది చాలావరకు తెల్లవారకముందే. 1994లో వచ్చిన సుమో, 2000లో వచ్చిన క్వాలిస్, బొలెరో, 2002లో వచ్చిన స్కార్పియో లాంటి పాత బళ్లలో వెనక సీట్లు మడిచి బుట్టలు సర్దేవాళ్లకు పైకప్పు మధ్యలో ఉండే కంపెనీ బల్బు వెలుతురు చాలదు. కాబట్టి లైటు పెట్టించుకోవడంలో తప్పేమీ లేదు. తక్కువ కరెంటు కాబట్టి ఫ్యూజు అక్కర్లేదన్న తీర్పే తప్పు. ఆ వాక్యంలో మొదటి సగం నిజం, రెండో సగం అందులోంచి పుట్టదు.

మొదటి సగాన్ని ఒప్పుకునే మొదలుపెడదాం. 5 వాట్ల ఎల్‌ఈడీ 12 వోల్టుల దగ్గర లాగేది దాదాపు 0.4 ఆంపియరు. కానీ ఇది అంతా సవ్యంగా ఉన్నప్పటి లెక్క. బానెట్ కింది బ్యాటరీ నుంచి వెనక తలుపు దాకా పరిచిన తీగ దారిలో ఎక్కడో రేకు అంచుకు రాసుకుని, తొడుగు చిరిగి, రాగి బాడీకి తగిలిందనుకోండి. ఆ క్షణాన లైటు కరెంటు దారిలోనే ఉండదు. అప్పుడు ఎంత కరెంటు పారాలో నిర్ణయించేవి బ్యాటరీ సత్తువ, తీగ నిరోధం, ఈ రెండే. లైటు చిన్నదని ప్రమాదాన్ని కూడా చిన్నదిగా లెక్కగట్టడం, ఇంట్లో కుళాయి సన్నగా వస్తోందని కృష్ణగిరి డ్యాములో నీళ్లు లేవనుకోవడం లాంటిది. అర చదరపు మిల్లీమీటరు మందం, 5 మీటర్ల పొడవున్న రాగి తీగ నిరోధం సుమారు 0.18 ఓమ్. అతుకులూ బ్యాటరీ లోపలి నిరోధమూ కలిపి 0.2 అనుకున్నా, 12 వోల్టుల బ్యాటరీ అందులోంచి 60 ఆంపియర్లు తోస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీకి ఇది శ్రమే కాదు. తీగ సంగతి వేరు. 600 వాట్లకు పైగా వేడి ఆ సన్నని రాగిలో పుడుతుంది, కొన్ని సెకన్లలోనే పీవీసీ తొడుగు కరిగిపోతుంది. ఆ తీగ పరిచింది కార్పెట్ కింద, సీట్ల పక్క, వైర్ల కట్టతో కలిపి. అంటే కరిగేది దాని తొడుగు ఒక్కటే కాదు. అదే బ్యాటరీ దగ్గర ఊదా రంగు 3 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి ఉంటే, తీగ వేడెక్కేలోపే కరెంటు తెగిపోతుంది. ఫ్యూజు పని లైటుకు కాపలా కాయడం కాదు, తీగ నిప్పు కాకుండా ఆపడం.

దీనికి కాస్త తెలిసినవాళ్లు చెప్పే జవాబొకటుంది. "బ్యాటరీ నుంచి డైరెక్టుగా ఎవడు తీస్తాడు? పైకప్పు లైటు నుంచో వెనక పార్కింగ్ లైటు నుంచో తీసుకుంటాం. దానికి కంపెనీ ఫ్యూజు ఉండనే ఉంది కదా." ఇది డైరెక్టు కంటే మేలే. అయితే ఏ ఫ్యూజైనా దాని సైజుకు తగిన తీగనే కాపాడుతుంది. కంపెనీ వేసిన 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు కంపెనీ వేసిన తీగ మందాన్ని బట్టి ఎంచింది. మనం దానికి తగిలించేది ఎల్‌ఈడీ పట్టీతో పాటు వచ్చే వెంట్రుక లాంటి తీగ. అది నేరుగా బాడీకి తగిలితే నీలం ఫ్యూజు కొట్టేస్తుంది, నిజమే. కానీ షార్ట్ ఎప్పుడూ అంత నిండుగా రాదు. తడి బుట్టల నీరు చేరి టేపు కింద అతుకు తుప్పు పట్టినా, లైటు లోపలి సర్క్యూటు సగం కాలినా, 10, 12 ఆంపియర్ల దగ్గర కరెంటు నిలకడగా పారవచ్చు. 15 ఆంపియర్ల ఫ్యూజుకు అది మామూలు బరువు, కదలదు. సన్నతీగ మాత్రం ఆ కరెంటుకు కాగిపోతుంది. కాబట్టి పాత సర్క్యూటు నుంచి తీసినా, కొత్త తీగ మొదలయ్యే చోటే దాని సైజుకు తగిన చిన్న ఫ్యూజు పడాల్సిందే. లైటు చిన్నదైతే ఫ్యూజు కూడా చిన్నది కావాలి, అసలే లేకుండా పోకూడదు. తక్కువ కరెంటు అన్న వాదన తేల్చేది ఇంతవరకే.

"12 వోల్టులు" అని రాసి అమ్మే చవక పట్టీల విషయంలో తక్కువ కరెంటు అన్న మాటకూ కొంచెం సవరణ కావాలి. ఇంజను నడుస్తుంటే బండిలో ఉండేది 12 వోల్టులు కాదు, 14 దాటుతుంది. ఈ పట్టీల్లో మూడేసి ఎల్‌ఈడీలను ఒక రెసిస్టరుతో వరసగా కలుపుతారు. వోల్టేజీ పెరిగినప్పుడు ఆ పెరుగుదల భారం దాదాపుగా రెసిస్టరు మీదే పడుతుంది. 12 దగ్గర లాగే కరెంటు కంటే 14 దాటాక ఒకటిన్నర రెట్లు లాగడం వింత కాదు. దాంతోనే బండి తగలబడదు గానీ, పట్టీ కాగి, జిగురు ఊడి, తీగ వేలాడుతుంది. వేలాడిన తీగ బుట్టకు చిక్కుతుంది, తలుపు సందులో నలుగుతుంది. షార్ట్ మొదలయ్యేది ఇలాంటి చోటే.

ఇక గట్టిగా వినిపించే అభ్యంతరం అనుభవం పేరుతో వస్తుంది: వందల బళ్లకు ఇలాగే చేశాం, ఒక్కటీ కాలలేదు. ఈ మాటను అబద్ధమనక్కర్లేదు. ఆ బళ్లలో ఇంకా షార్ట్ రాలేదన్నదే దాని అర్థం. ఫ్యూజు లేని తీగ పెట్టిన రోజు బాగానే ఉంటుంది. దాన్ని చెడగొట్టేవి కుదుపు, రాపిడి, తేమ, కాలం. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ కీలు దగ్గర వంగే తీగ లోపలి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. రేకు రంధ్రంలో రబ్బరు వాషరు లేకుండా దూర్చిన తీగ గతుకు గతుకుకూ కొంచెం కోసుకుంటుంది. పైగా ఇవి కొత్త బళ్లు కావు. తొడుగులు ఎండి పెళుసెక్కినవి, అంతకుముందు ఇద్దరు ముగ్గురు యజమానులు స్టీరియో, హారన్, ఫాగ్ లైట్ల కోసం తీగలు చీల్చి టేపు చుట్టినవి. పని చేసి పంపిన మేస్త్రీకి కనబడేది ఆ రోజు వెలిగిన లైటు. పదేళ్ల తర్వాత అదే తీగ ఎలా ఉందో చూడటానికి ఆ బండి ఆయన దగ్గరికే వస్తుందని నమ్మకం లేదు.

ఫ్యూజు పెడితే అదే తంటా, సరుకెక్కించే వేళ పోయిందంటే చీకట్లో మిగిలిపోతామన్నది మరో అభ్యంతరం. నిజానికి ఈ భయం వేరే ఫ్యూజు పెట్టడానికే కారణం. డిక్కీ లైటుకు సొంత ఫ్యూజు ఉంటే పోయేది డిక్కీ లైటు ఒక్కటే. వెనక పార్కింగ్ లైటు తీగకు తగిలించి వదిలేస్తే, డిక్కీలో తప్పు జరిగినప్పుడు పోయేది పార్కింగ్ లైటు ఫ్యూజు. హోసూరు నుంచి కృష్ణగిరికి 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీల వరసలో, రాత్రివేళ, వెనక ఎర్రలైటు లేని బండి ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర్లేదు. లోపల కూర్చున్న డ్రైవరుకు ఆ లైటు పోయిన సంగతి కూడా తెలియకపోవచ్చు. ఇక మాటిమాటికీ ఫ్యూజు పోతోందంటే తంటా ఫ్యూజుది కాదు. అది తీగలో ఉన్న తప్పును చూపిస్తోంది. ఫ్యూజు చోట రాగి పోగు చుట్టడమంటే ఆ తప్పును అక్కడే ఉంచి హెచ్చరికను తీసేయడం.

ఫ్యూజు అక్కర్లేదనేవాళ్లకు పూర్తిగా ఎదురుగా నిలబడే పక్షం కూడా ఉంది: కంపెనీ వైరింగు ముట్టుకోకూడదు, టార్చి చాలు అని. రెండు చేతులతో బుట్ట ఎత్తేవాడికి టార్చి పట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. చట్టం కూడా ఇంత బిగువు కోరడం లేదు. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 108వది బండి వెనక్కి ఎరుపు కాక వేరే రంగు లైటు చూపకూడదంటూనే, లోపలి లైటుకు మినహాయింపు ఇచ్చింది. బండి నడుస్తుండగా తెల్లటి వెలుగు వెనక వచ్చేవాడి కళ్లలో కొట్టకుండా, తలుపు తెరిస్తేనే వెలిగేలా పెట్టుకోవడం మర్యాద కూడా. అదే బ్యాటరీకీ క్షేమం. మర్చిపోయి వదిలేసిన 5 వాట్ల లైటు రోజుకు 10 ఆంపియర్-అవర్ల దాకా తింటుంది. హోసూరు ఎత్తుమీది ఊరు. జనవరి చలిలో తెల్లవారుజామున పాత డీజిల్ ఇంజను సెల్ఫ్‌కు ఆ కరెంటు కావాలి.

ఇంత వాదించి అడుగుతున్నది పెద్ద పనేమీ కాదు. బ్యాటరీ నుంచి తీస్తే దానికి జానెడు దూరంలోపే చిన్న ఫ్యూజు, పాత సర్క్యూటు నుంచి తీస్తే కొత్త తీగ మొదట్లోనే ఫ్యూజు, రేకు దాటే చోట రబ్బరు వాషరు, రంగు గీకి శుభ్రమైన లోహానికి బిగించిన ఎర్త్, మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు బదులు సోల్డరు చేసిందో క్రింప్ చేసిందో. లైటు ధర పక్కన ఈ సరంజామా ఖర్చు లెక్కలోకి రాదు. పెరిగేది పని సమయం, ఆ సమయానికి కూలి ఇవ్వాల్సింది యజమాని. ఆ కూలి దగ్గర బేరమాడి, తర్వాత మేస్త్రీలకు బాధ్యత లేదనడం న్యాయం కాదు. లారీలూ మోటారు సైకిళ్లూ తయారయ్యే ఊరు హోసూరు. కంపెనీ బండిలో దాదాపు ప్రతి తీగ వెనకా ఒక ఫ్యూజు ఎందుకుందో తెలిసినవాళ్లు ఇక్కడ వేలల్లో ఉన్నారు. అదే తెలివి పాత బండి డిక్కీ దాకా రావాలంటే, బండి తీసుకెళ్లే ముందు యజమాని లైటు వెలిగిందా అని మాత్రమే చూడకుండా, ఫ్యూజు ఎక్కడ పెట్టారు, ఎన్ని ఆంపియర్లది అని కూడా అడగాలి. జవాబు దొరికాకే డబ్బు చెల్లించాలి.