ప్యూర్ వెజ్ బోర్డు విమానమెక్కింది

(కూడూ కులమూ – 9)



ఐర్లండ్ రిపబ్లిక్‌లో డబ్లిన్ తర్వాత పెద్ద పట్నం కార్క్. లీ నది రెండు పాయలుగా చీలి మళ్ళీ కలుస్తుంది, ఆ పాయల మధ్య దీవి మీద వుంటుంది వూరి నడిబొడ్డు. వంతెన దాటితే హోటల్, సందు తిరిగితే పబ్. తిండికి పేరున్న వూరు. యూనివర్సిటీ కాలేజ్ కార్క్‌కి మన పిల్లలు మాస్టర్స్ చేయడానికి పోతున్నారు. పోయే ముందే వాట్సాప్ గ్రూపులో చేరతారు. అక్కడ మొదటి ప్రశ్న రూము. రెండోది పార్ట్‌టైమ్ జాబ్. మూడోది, బయట ఎక్కడ తినాలి?

ఆ మూడో ప్రశ్నకు వచ్చిన జవాబుల్ని నా పాత విద్యార్థి ఒకడు స్క్రీన్‌షాట్లు తీసి పంపాడు. "ప్యూర్ వెజ్ అయితే సేఫ్." "మనవాళ్ళ హోటల్‌కే వెళ్ళండి." "బీఫ్ వండే కిచెన్లో చికెన్ కూడా తినకు బ్రో." "ఆ మార్కెట్ వైపు పోకు, స్మెల్."

ఒక్కొక్కటి విడిగా చూస్తే ఇవి ఇల్లు వదిలిన పిల్లల మాటలే. పప్పన్నం మీద బెంగ ఎవరికి వుండదు? కానీ నాలుగూ ఒకచోట పెట్టి చదవండి. సేఫ్ అంటే దేన్నుంచి? మనవాళ్ళు అంటే ఎవరు? తెలుగువాళ్ళా? నేనూ తెలుగుదాన్నే కదా, తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి తెలుగే చెప్పుకుని బతుకుతున్నదాన్ని. మా ఇంటి తిండి ఆ 'మన'లో ఎందుకు లేదు?

ఆ స్మెల్ సంగతి ముందు చూద్దాం.

వాళ్ళు పోవద్దన్నది ఇంగ్లిష్ మార్కెట్‌కి. 1788 నాటిది. గ్రాండ్ పరేడ్ నుంచి ఒక వాకిలి, ప్రిన్సెస్ స్ట్రీట్ నుంచి ఒక వాకిలి. లోపల చేపలు, మాంసం, చీజ్, బ్రెడ్డు. 2011లో ఇంగ్లండ్ రాణి రెండో ఎలిజబెత్ ఆ చేపల కొట్టు ముందు నిలబడి నవ్విన ఫొటో లోకమంతా తిరిగింది. ఐర్లండ్‌లో ఇంగ్లిష్ మార్కెట్ ఏమిటి అంటారా? దాన్ని కట్టించిన నాడు వూరి పాలన ఇంగ్లండ్ రాజుకు విధేయులైన ప్రొటెస్టెంట్ల చేతుల్లో వుంది. తర్వాత 1843లో కార్న్‌మార్కెట్ స్ట్రీట్‌లో సెయింట్ పీటర్స్ మార్కెట్ తెరిచారు. పేదలు కొనుక్కునేది అక్కడ. దానికి ఐరిష్ మార్కెట్ అని పేరు పడింది, తేడా తెలియడానికి ఇది ఇంగ్లిష్ మార్కెట్ అయింది. వూరికో బావి వాడకో బావి చూసిన మనకు ఇంతకన్నా విడమరిచి చెప్పక్కరలేదు. అయితే అదీ కులమే అని తొందరపడకండి. మతమూ డబ్బూ పరాయి పాలనా కలిసి గీసిన గీత అది. ఇవాళ ఆ వాకిట్లోంచి ఎవరైనా లోపలికి పోతారు. మన గీత అలా చెరగలేదు. వీసా స్టాంపు వేయించుకుని మరీ అక్కడికి చేరింది.

ఇక మాంసం. 18వ శతాబ్దంలో కార్క్ ఓడరేవు బతికింది ఉప్పు మాంసం మీద, వెన్న మీద. పశువుల్ని కోసి, ఉప్పేసి, పీపాల్లో నింపి బ్రిటిష్ నౌకాదళానికీ, బానిసల చేత చెరకు పండించే కరీబియన్ దీవులకూ పంపేవాళ్ళు. కండ ఓడెక్కిపోతే కోసిన చేతులకి మిగిలిందేమిటి? నెత్తురు, పొట్ట, పేగులు, కాళ్ళు, బొక్కలు. ఆ మిగిలినవాటితోనే కార్క్ పేదలు ఒక వంట కట్టారు. ట్రైప్ అంటే మన బోటి. డ్రిషీన్ అంటే ఆవు నెత్తురో గొర్రె నెత్తురో పేగులో పోసి ఉడకబెట్టింది. మనం నల్ల అని వేపుకుంటాం, వాళ్ళు పేగులో గడ్డకట్టిస్తారు. క్రూబీన్ అంటే పంది కాళ్ళు. బోటిని ఉల్లిగడ్డలతో పాలల్లో ఉడికించి పక్కన డ్రిషీన్ ముక్కలు పెడతారు. ఫొటో చూపిస్తే మా అమ్మ, "కారం లేకుండ బోటి ఎట్ల తింటరే, పాపం" అంది. ఆమెకు కనిపించిన లోటు కారమొక్కటే. నెత్తురు చూసి మొహం తిప్పుకోలేదు.

క్రిస్మస్‌కి కార్క్‌లో స్పైస్డ్ బీఫ్ తింటారు. ఉప్పు, లవంగం, మిరియం పట్టించి రోజుల తరబడి వూరబెట్టిన ఆవు మాంసం. మా వాడలో పెద్దకూరను వారలుగా కోసి ఉప్పు పసుపు రాసి తీగ మీద ఆరబెడితే తునకలు. వానాకాలం పనుల్లేని రోజుల్లో ఆ తునకలే మాకు కూర. రెండూ మాంసాన్ని చెడకుండా దాచే తెలివే. ఒకటి పండగ వంటకం. ఇంకొకటి తిన్నామని క్లాసులో చెప్పలేక మేం దాచుకున్న రహస్యం.

జేమ్స్ జాయిస్ 1916 నాటి నవలలో తండ్రీ కొడుకులు కార్క్ వస్తారు. పొద్దున్నే టిఫిన్‌కి డ్రిషీన్ చెప్పుకుంటారు. అంతే, దాని మీద చర్చ లేదు. ప్రపంచమంతా పాఠం చెప్పే నవలలో నెత్తురు సాసేజి అంత మామూలుగా బల్ల మీదకి వచ్చేసింది. మనకో? 1922లో 'మాలపల్లి' రాసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారికి కూడా భక్తుడైన రామదాసే కావలసి వచ్చాడు. దళిత రచయితలు వచ్చి చట్టిలో ఏం వుడుకుతోందో రాసేదాకా మన సాహిత్యానికి మా పొయ్యి వాసన తెలీదు. ఇప్పటికీ ఆ కథలు పాఠం చెప్పేటప్పుడు వంట దగ్గరకొచ్చేసరికి గొంతు తగ్గించే లెక్చరర్లు నాకు తెలుసు.

కార్క్‌ని స్వర్గం చేయడం లేదు. అక్కడా చేతిలో డబ్బు ఆడే కొద్దీ బోటి తినేవాళ్ళు తగ్గారు. కానీ వూరు దాన్ని పారేయలేదు. 1994లో మార్కెట్ మేడ మీద తెరిచిన ఫార్మ్‌గేట్ కెఫే కింది కొట్ల సరుకుతోనే వండుతూ ట్రైప్, డ్రిషీన్ మెనూలో పెట్టింది. ఇది మా వూరి వంట అని టూరిస్టులకు గర్వంగా చూపిస్తారు. 2019లో యునెస్కో హైదరాబాద్‌ని గ్యాస్ట్రానమీ నగరంగా గుర్తించింది, సంబరపడ్డాం. ఆ సంబరాల పోస్టర్ల మీద కల్యాణి బిర్యాని ఫొటో మీలో ఎవరైనా చూశారా? నేను చూడలేదు.

ఇప్పుడు మా వాడు చెప్పిన ఒక సాయంత్రం గురించి. అయిదుగురు తెలుగు కుర్రాళ్ళు ఒకే ఇంట్లో వుంటారు. ఫ్రిజ్‌లో పై అర వెజ్, ఆ అరలో ఇంకేదీ పెట్టకూడదని స్టిక్కర్. ఇతను ఒకరోజు పొట్లం కట్టించుకొచ్చిన బీఫ్ కింది అరలో పెడితే రాత్రికి ఇంట్లో మీటింగ్. "మాకు అభ్యంతరం లేదు బ్రో, స్మెల్ ఒక్కటే." వారం తిరక్కముందే వాళ్ళలో ఒకడి పుట్టినరోజు. ఆలివర్ ప్లంకెట్ స్ట్రీట్‌లో పబ్‌కి పోయారు. మీటింగ్ పెట్టినవాడే స్టీక్ చెప్పాడు. మీడియం రేర్. ఇన్‌స్టాలో ఫొటో. కింద కామెంట్లు: "గ్లోబల్ సిటిజన్", "లైఫ్ అంటే నీదే మామా".

ఇదే నన్ను మండించేది. అదే పశువు, అదే కండ. వాడి పళ్ళెంలో అది ఎక్స్‌పోజర్, మావాడి డబ్బాలో స్మెల్. వాసన మాంసంలో లేదు, తినేవాడి ఇంటిపేరులో వుంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియాలో పిల్లలు మా తిండి మా హక్కని బీఫ్ ఫెస్టివల్ పెడితే రాళ్ళు పడ్డాయి. సంస్కృతి నాశనమైందని ఆనాడు గుండెలు బాదుకున్న ఇళ్ళ పిల్లలే ఇవాళ విదేశాల్లో స్టీక్ ఫొటోలు పెడుతున్నారు. తిననీ, నాకేం? కానీ తిరిగొచ్చి హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో 'వెజిటేరియన్లకు మాత్రమే' అని టు-లెట్ బోర్డు పెట్టేదీ వాళ్ళే.

"బాబాసాహెబే గొడ్డు మాంసం మానమన్నాడు కదా" అని ప్రతి పోస్టు కిందా ఒకరు వస్తారు. 1927లో మహద్‌లో ఆయన మానమన్నది చచ్చిన పశువు మాంసం. ఎందుకంటే ఆ మాంసం వెట్టితో ముడిపడి వుంది. కళేబరం మోయాలి, దానికి కూలి కింద దాన్నే తినాలి. ఆయన తెంపమన్నది ఆ ముడిని. కసాయి కొట్లో డబ్బులిచ్చి కొనుక్కున్న కూరకు ఆ మాటను అడ్డం పెట్టకండి.

శాకాహారంతో నాకు పేచీ లేదు. కార్క్‌లోనే దానికి మంచి చరిత్ర వుంది. 1982లో స్త్రీవాదులూ, స్వలింగ సంపర్కుల హక్కుల వాళ్ళూ, పర్యావరణవాదులూ కలిసి సల్లివాన్స్ కీలో కో-ఆప్ పెట్టి శాకాహారం వండారు. 1993లో డెనిస్ కాటర్ అక్కడ తెరిచిన పారడీసో, కూరగాయల వంటతో దేశమంతా పేరు తెచ్చుకుంది. వీళ్ళెవరూ బోర్డు మీద 'ప్యూర్' అని రాసుకోలేదు. వెజ్ అనేది తిండి గురించిన మాట. ప్యూర్ అనేది మనుషుల గురించిన మాట. 2024 మార్చిలో జొమాటో ప్యూర్ వెజ్ వాళ్ళకు వేరే డెలివరీ దళం, ఆకుపచ్చ యూనిఫాం అని ప్రకటించి, గొడవ కాగానే మర్నాడు యూనిఫాం మాత్రం వెనక్కి తీసుకుంది. దళం వుంచుకుంది. ప్యాకెట్టు మూసే వుంటుంది కదా, మరి మైల ఎక్కడ అంటుకుంటుంది? మోసే మనిషి దగ్గర.

ఐర్లండ్ చట్టం సంగతి చూడండి. హోటల్లో బీఫ్ వడ్డిస్తే ఆ పశువు ఏ దేశానిదో రాసిపెట్టాలి, 2006 నుంచీ అది నిబంధన. వేరుశనగ, గుడ్డు, పాలు మొదలుకుని 14 రకాల అలర్జీ పదార్థాలు ఏ వంటకంలో వున్నాయో రాతలో చెప్పాలి. అక్కడ పశువు పుట్టుక అడుగుతారు, మనం మనిషి పుట్టుక అడుగుతాం.

1845 అక్టోబర్‌లో ఫ్రెడరిక్ డగ్లస్ కార్క్ వచ్చాడు. అమెరికాలో బానిసత్వం నుంచి పారిపోయినవాడు, యజమాని పట్టుకుపోతాడన్న భయంతో సముద్రం దాటినవాడు. కొన్ని వారాలకు గ్యారిసన్‌కి రాసిన ఉత్తరంలో, ఇక్కడ తెల్లవాళ్ళ వాకిట్లోంచే లోపలికి పోతున్నాననీ, వాళ్ళ బల్ల దగ్గరే తింటున్నాననీ, ఎవరూ నొచ్చుకోవడం లేదనీ ఆశ్చర్యపోతాడు. అంబేడ్కర్ 'వీసా కోసం నిరీక్షణ'లో రాసిందీ ఇలాంటిదే. అమెరికా, యూరప్‌లలో గడిపిన ఏళ్ళు తన అంటరానితనాన్ని మరిపించాయి. బరోడాలో దిగగానే వుండటానికి చోటు లేక అది గుర్తొచ్చింది. సముద్రం దాటితే వూపిరాడిందని ఇద్దరూ చెప్పారు. మావాడు సముద్రం దాటాక ఫ్రిజ్ మీద స్టిక్కర్ చూశాడు. తేడా ఏమిటంటే, డగ్లస్‌తో పాటు ఓడ దిగి అతని యజమానులు పక్క గది అద్దెకి తీసుకోలేదు.

ఇంకో మాట. డగ్లస్ వచ్చిన ఏడే ఐర్లండ్‌లో ఆలుగడ్డలకు తెగులు తగిలింది. పది లక్షల మంది చచ్చారు, అంతకన్నా ఎక్కువమంది దేశం వదిలిపోయారు, ఓడల్లో తిండి ఎగుమతి మాత్రం సాగుతూనే వుంది. ఆకలికి తాళలేక ప్రొటెస్టెంట్ మిషన్ల సూప్ తాగి మతం మారారని కొందరికి 'సూపర్' అని తిట్టు పేరు పెట్టారు. సూప్‌కి అమ్ముడుపోయినవాడని అర్థం. మన సోషల్ మీడియాలో దళిత క్రైస్తవుల్ని 'రైస్ బ్యాగ్' అంటున్నారే, అలాంటిదే. ఆకలి పెట్టినవాణ్ణి ఎవరూ తిట్టరు, తిన్నవాణ్ణి తిడతారు.

అయితే ఐరిష్ వాళ్ళ దగ్గరా తమ లెక్క తేలని పద్దు ఒకటుంది. ట్రావెలర్లు. తరాలుగా సంచారంలో బతికిన జనం, 2022 జనాభా లెక్కల్లో దాదాపు 33 వేలు. పబ్‌కి పోతే ఇవాళ ప్రైవేట్ పార్టీ వుందనో, రెగ్యులర్ కస్టమర్లకేననో బయటే ఆపుతారు. మన హోటళ్ళలో రెండు గ్లాసులు చూసినవాళ్ళకు ఆ అబద్ధం భాష బాగా తెలుసు. 2000 నాటి ఈక్వల్ స్టేటస్ చట్టం వివక్ష చూపకూడని తొమ్మిది కారణాల్లో ట్రావెలర్ కావడాన్ని పేరు పెట్టి రాసింది. ఆ చట్టంతో వాళ్ళు పబ్‌ల మీద కేసులు వేశారు. ఏమైంది? పబ్ యజమానులు గోల చేస్తే 2003లో పబ్‌ల కేసుల్ని ఈక్వాలిటీ ట్రిబ్యునల్ నుంచి తీసేసి జిల్లా కోర్టుకి పంపారు. ఖర్చు, లాయరు, భయం. వాళ్ళను ప్రత్యేక జాతి సమూహంగా ప్రభుత్వం గుర్తించింది 2017 మార్చి 1న. కాబట్టి కార్క్‌లో వున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఏ పబ్‌లో కూచోవాలో ఎంచుకునేటప్పుడు అక్కడ ట్రావెలర్లని రానిస్తారో లేదో కూడా అడగండి. వాకిట్లో ఒకర్ని ఆపే చోట మనకు గౌరవం దొరికిందని మురిసిపోకండి.

ఆ తొమ్మిదింటిలో కులం లేదు. జాతి వుంది, మతం వుంది, కులం అన్న మాట లేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం తన చట్టంలో ఆ మాట చేర్చింది. అదే ఏడు కాలిఫోర్నియాలో శాసనసభ పాస్ చేసిన బిల్లును గవర్నర్ వీటో చేశాడు. అది ఆగడం కోసం అక్కడ ఎవరు తిరిగారో మీకు తెలుసు. ఐర్లండ్‌లో వున్నవాళ్ళు కాలేజీ స్టూడెంట్స్ యూనియన్ నుంచి మొదలుపెట్టండి. తీర్మానం ముసాయిదా నేను రాసిస్తాను. ట్రావెలర్ల సంఘాల దగ్గరకు మీరే నడిచివెళ్ళండి, పబ్ వాకిలి మీద ఇరవై ఏళ్ళు కొట్లాడినవాళ్ళకు మనం నేర్పేదేం లేదు, నేర్చుకునేదే. ఫ్రిజ్ స్టిక్కర్లకూ, "వెజ్ ఓన్లీ రూమ్మేట్ కావలెను" ప్రకటనలకూ ఫొటోలు తీసి తేదీతో దాచండి. పేర్లు కొట్టేసి నాకు పంపండి.

వచ్చే వారం పదో భాగం: హైదరాబాద్ హాస్టల్ మెస్సుల్లో వేరే బల్లలు.