ఖుబూల్ ఒక్కటే చాలదు, ఖులా కూడా కావాలి

మా కుందుర్పి వైపు పెళ్ళయిన ఆడమనిషితో మాట కలిస్తే రెండో మాటగానో మూడో మాటగానో వచ్చే సవాల్ ఒకటుంది: "ఏమ్మా, ఆపరేషన్ అయిపోయిందా?" ఏ ఆపరేషనో ఎవరూ విడమరచి చెప్పరు, చెప్పే జరూరత్ లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఔరత్‌లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. మాత్రలు, కాపర్-టీ, ఇంజెక్షన్, నిరోధ్, మగవాళ్ళ ఆపరేషన్ అన్నీ కలిపినా రెండు శాతానికి చేరవు. అంటే మన ఆడవాళ్ళ ముందున్న తరీఖా ఒక్కటే. అందులోంచి వెనక్కి రావడం దాదాపు కుదరదు. పాతికేళ్ళు నిండకముందే ఆ తలుపు మూసుకుపోయినవాళ్ళు మన పల్లెల్లో ఎంతమందో లెక్కపెట్టి చూడండి.

అందుకే ఇంప్లాంట్ అనే కొత్త తరీఖా గురించి మనం ఇప్పుడే, అది మన ఊరికి రాకముందే మాట్లాడుకోవాలి. 2023లో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని సర్కారీ దవాఖానాల్లోకి తేవడం మొదలుపెట్టింది. తొలి విడతకు పది రాష్ట్రాలు, రాష్ట్రానికి రెండు జిల్లాలు. ఆ జాబితాలో మన రెండు తెలుగు రాష్ట్రాలు లేవు. కర్ణాటక ఉంది, తమిళనాడు ఉంది. కర్ణాటక సరిహద్దు కుందుర్పికి ఎంత దూరమో, వానలు మోసం చేసిన ఏడు మనవాళ్ళు మూటాముల్లె సర్దుకుని బెంగళూరు బస్సు ఎలా ఎక్కుతారో నేను చెప్పాల్సిన పని లేదు.

అసలు ఈ ఇంప్లాంట్ ఏమిటి? అగ్గిపుల్ల అంత మెత్తటి పుల్ల. నాలుగు సెంటీమీటర్ల పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం. లోపల 68 మిల్లీగ్రాముల ఎటోనోజెస్ట్రెల్ అనే హార్మోన్ ఉంటుంది. మత్తు సూది వేసి మోచేతికి పైన, చేతి లోపలివైపు చర్మం కింద పెడతారు. మూడేళ్ళపాటు ఆ హార్మోన్ కొంచెం కొంచెంగా ఒంట్లోకి వెళుతూ అండం విడుదల కాకుండా ఆపుతుంది. వెయ్యి మంది వాడితే ఏడాదిలో ఒకరికి కూడా గర్భం రావడం అరుదు. పాలిచ్చే తల్లులు కూడా వాడొచ్చు. తీయించుకుంటే కొన్ని వారాల్లోనే మళ్ళీ గర్భం వచ్చే వీలుంటుంది. రోజూ మాత్ర మింగే గోల లేదు, సాస్‌కి తెలుస్తుందేమోనని డబ్బా దాచే ఫికర్ లేదు. పద్దెనిమిదికో పంతొమ్మిదికో నికా అయి, ఏడాది తిరిగేసరికి ఒడిలో బిడ్డతో ఉన్న అమ్మాయికి ఆపరేషన్ వద్దు, ఇంకో కాన్పు కూడా అప్పుడే వద్దు అనుకుంటే ఇది నిజంగా మంచి రాస్తా. నేను దీనికి ముఖాలిఫ్‌ని కాను.

అయితే తక్లీఫ్ కూడా పూర్తిగా చెప్పుకోవాలి. ఈ పుల్ల పెట్టాక బహిష్టు పాత లెక్కన రాదు. పలు దేశాల ట్రయల్స్ కలిపి చూస్తే, నూటికి సుమారు 22 మందికి నెలసరి పూర్తిగా ఆగిపోయింది. మూడోవంతు మందికి ఎప్పుడో ఒకసారి వచ్చింది. దాదాపు 18 మందికి రోజుల తరబడి ఆగలేదు. నూటికి 11 మంది వరకూ ఈ రక్తస్రావం భరించలేకే తీయించుకున్నారు. తలనొప్పి, బరువు పెరగడం, మొటిమలు, మనసు బాగోలేకపోవడం కొందరికి వేరే. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మందులు దీని బలాన్ని తగ్గిస్తాయి. మన రాష్ట్రంలో దాదాపు 59 శాతం ఆడవాళ్ళకు రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. వేరుశనగ చేలో రోజంతా వంగి పనిచేసే మనిషికి నెలలో ఇరవై రోజులు చుక్కలు చుక్కలుగా కనబడుతుంటే, అది డాక్టర్ పుస్తకంలో రాసినట్టు 'మామూలు' సంగతి అవుతుందా?

మన ఇళ్ళల్లో దీనికి ఇంకో వైపు ఉంది. హైజ్‌లో నమాజ్ లేదు, రోజా లేదు. హనఫీ ఫిఖహ్‌లో హైజ్ కనీసం మూడు రోజులు, ఎక్కువలో ఎక్కువ పది రోజులు. అది దాటితే ఇస్తిహాజా. అప్పుడు నమాజ్ మాఫీ కాదు, ప్రతి వఖ్త్‌కీ తాజాగా వజూ చేసి చదువుకోవాలి. ఏ రోజు ఏదో తెలియని పరిస్థితిలో రంజాన్ నెలంతా గడపాల్సిన ఔరత్ ఎవరిని అడుగుతుంది? మౌలానాని అడగడానికి షరమ్. డాక్టరమ్మకి ఈ సవాలే అర్థం కాదు. ఈ సంగతి ముందే చెబితే చాలామంది సబర్ చేసుకోగలరు. చెప్పకపోతే భయపడి పరుగెత్తుకొస్తారు. అలా వచ్చినవాళ్ళను "కొన్నాళ్ళు ఓర్చుకో" అని వెనక్కి పంపితే జుల్మ్ అక్కడే మొదలవుతుంది.

ఇది నా వహమ్ కాదు. తారీఖ్ చూడండి. ఇంప్లాంట్లలో మొదటిది నార్‌ప్లాంట్, ఆరు గొట్టాలుండేవి. 1980లలో బంగ్లాదేశ్‌లో దాని ట్రయల్స్ జరిగినప్పుడు తీసేయమని బతిమాలినా తీయలేదని అక్కడి పేద ఔరత్‌లు చెప్పుకున్నారు. ఉబినిగ్ సంస్థ ఆ గోడును దస్తావేజుగా రాసి పెట్టింది. అమెరికాలో 1990లో మంజూరైన నార్‌ప్లాంట్ మీద వేలమంది కోర్టుకెక్కారు, 2002లో అక్కడ అమ్మకం ఆగిపోయింది.

మన దగ్గరి మిసాల్ ఇంకా దగ్గరిది. 1985లో హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే హార్మోన్ ఇంజెక్షన్ ట్రయల్ పెట్టారు. పిల్లలు కాకుండా సూది అన్నారు గానీ అది ట్రయల్ అని చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన మహిళలు వెళ్ళి అసలు మాట చెప్పించాక, వచ్చినవాళ్ళలో చాలామంది వెనక్కి వెళ్ళిపోయారు. తెలిస్తే వద్దనుకునేవాళ్ళకు తెలియకుండా వేయబోయారన్నమాట. స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీ సహేలీ తదితరులు 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2000లో ఆ కేసు ముగిసేటప్పటికి, కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో నెట్-ఎన్‌ను సామూహికంగా వాడటం మంచిది కాదని సర్కారే ఒప్పుకుంది.

ఆ తర్వాతైనా మారామా? 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేస్తే 13 మంది ప్రాణాలు పోయాయి. టార్గెట్లు 1996లోనే ఎత్తేశామని కాగితం చెబుతుంది. ఆ 83 మందిని ఒకచోటికి చేర్చింది మరి ఏమిటి?

నికాలో ఖుబూల్ అడుగుతారు. అమ్మాయి రజామందీ లేకుండా నికా లేదు. ఆమెకు ఇష్టం లేని బంధంలోంచి బయటికి రావడానికి ఖులా అనే హక్కు కూడా దీన్ ఇచ్చింది. లోపలికి రావడానికి మర్జీ అడిగి, బయటికి పోయే తలుపుకు తాళం వేస్తే ఆ మర్జీకి విలువేముంది? ఇంప్లాంట్‌ది కూడా అదే మామ్లా. మాత్ర నచ్చకపోతే రేపటి నుంచి మింగడం మానేస్తుంది. 2017 నుంచి సర్కారు ఇస్తున్న అంతరా ఇంజెక్షన్ నచ్చకపోతే మూడు నెలల తర్వాత వెళ్ళడం మానేస్తుంది. చర్మం కింద ఉన్న పుల్లను ఆమె తనంతట తాను తీసుకోలేదు. దానికి ఇంకొకరి చేయి కావాలి, ఆ చేతికి తాలీమ్ ఉండాలి. సరిగ్గా పెడితే కొన్ని నిమిషాల్లో తీసేయొచ్చు. లోతుగా దిగిపోతే స్కానింగ్ కావాలి, పెద్ద డాక్టర్ కావాలి. కుందుర్పి నుంచి కళ్యాణదుర్గం, అక్కడి నుంచి అనంతపురం అని తిప్పితే ఎన్ని రోజుల కూలీ పోతుందో, తోడు ఎవరు వస్తారో ఆలోచించండి. బెంగళూరులో పెట్టించుకుని ఊరికి తిరిగొచ్చిన మనిషైతే "అక్కడ పెట్టినవాళ్ళనే అడుగుపో" అనే జవాబు వినకుండా ఉంటుందా?

మన ఉలమాకి కూడా ఒక మాట. అజల్ సహాబా కాలంలోనే ఉండేదని సహీ రివాయత్‌లున్నాయి. బీవీ ఇజాజత్ లేకుండా అది తగదని ఎక్కువమంది ఫుఖహా అన్నారు. అంటే ఈ విషయంలో ఔరత్ మర్జీ నిన్నమొన్న పుట్టిన మాట కాదు. జుమా ఖుత్బాలో ఒకసారి ఇది చెబితే ఇంట్లో మియా నోరు తెరుస్తాడు, సాస్ వింటుంది.

సర్కారుకి నేను అడిగేవి ఇవే. పెట్టేముందు రక్తస్రావం సంగతి మొట్టమొదట చెప్పాలి. తెలుగులో, మా ఇళ్ళల్లో మాట్లాడే ఉర్దూలో, ఆడమనిషి నోటితో చెప్పాలి. మియా సంతకం అడగకూడదు. తీయడం నేర్చిన మనిషి లేని దవాఖానాలో పెట్టడం మొదలుపెట్టకూడదు. ఆమె తీసేయమన్న రోజున, ఎందుకని నిలదీయకుండా, పైసా తీసుకోకుండా తీయాలి. పెట్టిన తారీకు, ఏ చేయి, ఎప్పటికి తీయాలి అని రాసిన కార్డు చేతికివ్వాలి. ఆ కార్డు ఏ రాష్ట్రంలోని సర్కారీ దవాఖానాలోనైనా చెల్లాలి. ఎంతమందికి పెట్టారో చెప్పినప్పుడల్లా ఎంతమంది తీయమని అడిగారు, ఎంతమందికి తీశారు అన్న లెక్క కూడా బయట పెట్టాలి.

మూడు దశాబ్దాలు ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడొద్దన్నారు. 2024లో మన అసెంబ్లీ ఆ షరతు ఎత్తేసింది, ఇప్పుడు ఎక్కువమందిని కనమని పెద్దలే అంటున్నారు. హుకుమ్‌లు ఇలా మారుతుంటాయి. నిన్న తీయనివ్వనివాళ్ళు రేపు పెట్టనివ్వకపోవచ్చు కూడా. కాబట్టి ఇంప్లాంట్ మన ఊరికి వచ్చిన రోజున ఆశా కార్యకర్తను మన బేటీలు, బహూలు అడగాల్సిన మొదటి సవాల్ ఇప్పుడే నేర్పి పెడదాం: "అమ్మా, ఇది నాకు సరిపడకపోతే తీసేది ఎవరు? ఇక్కడే తీస్తారా?" దానికి సాఫ్ జవాబు వచ్చాకే చేయి చాపమందాం.