నీడ తొట్టెకు తగిన పచ్చిక



ఉప్పలు, నాచారము గ్రామముల పొలములనేకము నేడు ఇండ్లస్థలములుగను, కర్మాగారములుగను మారినవి. ఆ పొలములు దున్నినవారి బిడ్డలు పలువురు అంతస్తుల ఇండ్లలో కాపురముండి, చెరువుగట్టు ఎరుగని పిల్లల వేడుకకై గదిలో చేపల గాజుతొట్టె నుంచుకొనుచున్నారు. తొట్టె అడుగున పచ్చిక పరచుకొన్నచో కంటికి ఇంపు, చేపపిల్లలకు దాగుచోటు. అయితే ప్రక్కయింటి గోడ కిటికీకి అడ్డమైన గదిలో ఏ పచ్చిక నాటవలెనను విషయమున మనవారు పొరపడి ధనము పోగొట్టుకొనుచున్నారు. దీనికి విరుగుడు అంగడిలో లేదు. రైతెరిగిన పంటనీతిలోనే కలదని నా అభిప్రాయము.

నేనును మొదట పొరపడినవాడనే. ఒక అంగడిలో చిత్రపటమును చూచి, "క్యూబా" అని పిలువబడు చిట్టియాకుల మొక్కను కొంటిని. కొలది వారములలోనే అది పాలిపోయి, కుళ్లి, వేరువిడిచి నీటిపై తేలినది. అప్పుడుగాని నారుమడి సంగతి నాకు తోపలేదు. చెట్టునీడను పోసిన నారు సన్నగిల్లి వెలుతురుకై పొడుగు సాగునే కాని బలియదు. నీటిమొక్కకును ఇదియే ధర్మము. క్యూబా, గ్లాసోస్టిగ్మా మొదలగునవి నేలబారుగ పాకవలెనన్న తీవ్రమైన వెలుతురు కావలెను; అంత వెలుతురున్నచోట నీటిలో బొగ్గుపులుసు వాయువును గూడ విడువవలసి యుండును.

"దీపము పెంచిన సరిపోదా?" అని కొందరందురు. దీపమును మాత్రము పెంచి వాయువును, ఎరువును సరిగా అందింపనిచో పచ్చికకంటె ముందు పాచి బలియును. కావున వెలుతురును మొక్కకు తగినట్లు మార్చుటకంటె, వెలుతురుకు తగిన మొక్కను ఎంచుకొనుటయే మేలు.

అట్టి మొక్కలలో నేను మొదట చెప్పదగినది మార్సీలియా. ఇది మన వరిమళ్లలో, గట్లవెంట, నాలుగాకులు ఒక కాడపై గొడుగువలె విప్పుకొని నేలబారుగ పాకు కలుపు మొక్కయే. పువ్వులేని జాతి, నీటిలో ముంచినచో పాతయాకులు రాలి, క్రొత్తవి పొట్టివై, తరచు ఒంటిరెక్కతోనే వచ్చును. అది చూచి మొక్క చెడినదని పెరికివేయరాదు. నెమ్మదిగ పాకును, నేలంతయు కప్పుటకు మాసములు పట్టును. పురుగుమందు చల్లిన మడినుండి మాత్రము దీనిని తేరాదు. మందు లేశమున్నను చేపలు చచ్చును. మందెరుగని మడినుండి తెచ్చి, వేళ్ల మట్టిని కడిగి, నత్తలను ఏరి, రెండు వారములు వేరుతొట్టెలో నీరు మార్చుచు ఉంచి పిదప నాటవలెను.

రెండవది సింహళద్వీపపు మొక్కయైన క్రిప్టోకొరైన్ పర్వా. ఆ జాతిలో ఇది మిక్కిలి పొట్టిది. మిగిలిన క్రిప్టోకొరైనులకంటె దీనికి వెలుతురు కొంచెము ఎక్కువ కావలెను గనుక దీపముక్రింది భాగమున నాటుట మంచిది. చోటు మార్చగనే ఆకులు కరగిపోవచ్చును; వేరును కదపకున్న మరల చిగురించును. మూడవది జావా నాచు. దీనికి వేరులేదు; పలుచని రాళ్లకో, జల్లెడవంటి వలకో దారముతో కట్టి అడుగున పరచవలెను. మిక్కిలి మసకలోను బ్రతుకును. కాని మురికిని పట్టియుంచును గనుక అప్పుడప్పుడు కత్తిరించి కడుగవలెను.

సన్నని ఇసుకను కడిగి రెండంగుళముల మందమున పరచి, మొక్కలను చిన్న పిలకలుగ విడదీసి అంగుళము రెండంగుళముల ఎడముతో నాటుడు. దీపము దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు చాలును. చేపలు కొలదిగ నుండవలెను.

ఇక ముఖ్యమైన మాట. కత్తిరించిన తుంటలను, విసిగి పారవేయు తొట్టెనీటిని చెరువులోను, నాలాలోను వేయకుడు. గుర్రపుడెక్క దక్షిణ అమెరికా మొక్క. దాని ఊదాపూలకు మురిసి తెచ్చినవారే దానిని దేశదేశముల వ్యాపింపజేసిరి. వంగదేశమున అది కాలువలను, పొలములను ఎంతగ కప్పినదనగా, దానిని తొలగించుటకై 1936లో ప్రత్యేక చట్టమే చేయవలసివచ్చినది. మన ఉప్పలు నల్లచెరువును, నాచారము పెద్దచెరువును అది కప్పగా చూచినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అది కప్పిన నీటి అడుగుకు వెలుతురు చేరదు. ప్రాణవాయువు తగ్గి చేపలు నశించును. ఇంటిలో పచ్చిక పెంచుటకై ఊరి చెరువును చీకటి చేయుట తగునా? తుంటలను ఎండబెట్టి ఎరువుగుంటలో వేయుడు. నీటిని పెరటిమొక్కలకు పోయుడు.

సంఘసభ్యులకు నా మనవి యొకటి. మందు చల్లని మడిగలవారు ఒక తొట్టెలో మార్సీలియాను పెంచి, పిలకలను తోటి సభ్యుల ఇండ్లకు ఇచ్చినచో, అంగడి ఖర్చు తప్పును. మనము కలుపని పెరికివేయు మొక్క మన మనుమల గదిలో పచ్చిక యగును. అది ఏ మడిదని వారు అడిగినప్పుడు చెప్పుటకు మనకొక మాటయు దొరకును.